ఫోను ఉండగా చేతి లెక్కలెందుకు?

పెద్ద గుణకారాలు చేత్తో నేర్చుకుని తీరాలని నా అభిప్రాయం. ఎందుకో చూడండి.

యంత్రానికీ హద్దు ఉంది. హైదరాబాదు ఈ.సి.ఐ.ఎల్. 1969లో అందించిన టి.డి.సి.-12 కంప్యూటరు 12 బిట్లది. 12 బిట్లలో 4095ను మించిన సంఖ్య పట్టదు. నేటి 64 బిట్లలోనూ 20 అంకెలు దాటవు. కాని రహస్య సమాచారాన్ని కాపాడే ఆర్.ఎస్.ఏ. పద్ధతిలో 2048 బిట్ల సంఖ్యలుంటాయి. అంటే 617 అంకెలు! అప్పుడు కంప్యూటరు కూడా మనలాగే సంఖ్యను ముక్కలు చేస్తుంది. 32 ముక్కలను 32 ముక్కలతో గుణిస్తే 1024 చిన్న గుణకారాలు.

మా పాతబస్తీ లాడ్‌బజారు గాజుల పనిలో ఒకరు లక్క కాస్తుంటే మరొకరు రాళ్ళు పొదుగుతారు. ఈ లెక్కనూ అలాగే పంచవచ్చు. 1985లో వచ్చిన ఎఫ్.పి.జి.ఎ. అనే చిప్పులో లోపలి అమరికను పనికి తగినట్లు మళ్ళీ మళ్ళీ మార్చుకోవచ్చు. అందులో అనేక గుణకారాలు ఒకేసారి జరుగుతాయి. అయితే పై స్థానానికి పోవలసిన మిగులు అంకె కోసం పక్క ముక్క ఆగవలసిందే. ఆ ఆలస్యాన్ని తగ్గించే అమరికను ఆలోచించేది మనిషే.

కాగితంపై మిగులు ఎటు పోతుందో చూడనివారు దాన్ని చిప్పులో ఎలా నడిపిస్తారు? ఈవేళే రెండు ఆరంకెల సంఖ్యలను గుణించండి. ఏ మెట్లు ఒకేసారి చేయవచ్చో, ఏవి ఆగాలో గుర్తించండి.