చంద్రుడి రాయి చేతికందాలి

"రోవర్ వెళ్ళి అన్నీ చూసొచ్చింది, ఇక రాళ్ళు మోసుకు రావటం ఎందుకు?" అని హాస్టల్లో ఓ మిత్రుడు వాదించాడు. జియాలజీ విద్యార్థిగా నేనొప్పుకోలేను. పైగా అది చూసొచ్చింది కూడా కాదు, అక్కడే ఉండిపోయింది!

ఏ మాటకామాటే చెప్పుకోవాలి. సోవియట్ లూనోఖోద్-1 1970లో దిగి 10 కిలోమీటర్ల పైచిలుకు తిరిగింది. 2023 ఆగస్టులో మన 26 కిలోల ప్రజ్ఞాన్, దక్షిణ ధ్రువం వైపు దిగి, లేజరుతో మట్టిని మండించి, ఆ వెలుగును బట్టి అందులో గంధకం ఉందని చెప్పింది. చిన్న ఘనతేం కాదు.

కాని ఆ మట్టి వయసెంత? అదడిగితే ప్రజ్ఞాన్ దగ్గర జవాబు లేదు. వయసు కచ్చితంగా తేల్చాలంటే రాతిని పగలగొట్టాలి, ఖనిజాలు ఏరాలి, పెద్ద పెద్ద యంత్రాల మీద ఐసోటోపులు కొలవాలి. ఆ లాబునంతా బండికెక్కించటం అయ్యే పనేనా? 2020లో చైనావారి చాంగ్-ఇ 5 తెచ్చిన 1.7 కిలోల మట్టివల్లనే కదా, 200 కోట్ల ఏళ్ళ కిందట కూడా చంద్రుడి మీద లావా పారిందని తెలిసింది!

"తెచ్చిందీ యంత్రమేగా" అన్నాడు మిత్రుడు. నిజమే. అయితే 1972లో భూగర్భశాస్త్రజ్ఞుడు హారిసన్ ష్మిట్, తన బూట్లకింద రేగిన నారింజరంగు మట్టిని చూసి ఠక్కున ఆగిపోయాడు. అది అగ్నిపర్వతం చిమ్మిన గాజుపూసలని తర్వాత తేలింది. ఆ చూపు విలువ వేరు.

రాళ్ళు తెచ్చే చంద్రయాన్-4కు 2024లో కేంద్రం ఆమోదం తెలిపింది. సంతోషం. మరి అందులో ఒక్క పలుచని బిళ్ళైనా మన కాలేజీల మైక్రోస్కోపుల కిందికి రానిస్తారా?