పటేల్ షాట్, సంఘం షాట్

జహీరాబాద్ దగ్గరి పస్తాపూర్ మహిళలు కెమెరా భాషను తమ మాటల్లోకి మార్చుకున్నారు. పైనుంచి కిందికి చూస్తూ తీస్తే అది పటేల్ షాట్. దొర కూలీని చూసే చూపన్నమాట. ఎదుటి మనిషి కండ్ల ఎత్తులో కెమెరా పెట్టి తీస్తే సంఘం షాట్. సంఘంల అందరూ సమానమే కదా! డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని ఈ దళిత, పేద రైతు మహిళల్లో చాలామంది బడి మొహం చూడనివాళ్లు. వీడియో నేర్చుకుని 2001లో కమ్యూనిటీ మీడియా ట్రస్ట్ పెట్టుకున్నారు. వరంగల్ రైతులు 2002-03లో బీటీ పత్తితో ఎట్లా దెబ్బతిన్నారో సాగుకాలమంతా వెంట ఉండి చిత్రించారు. ఏ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ ఈ పాఠం చెప్తుంది?

ఇప్పుడు మన కాలేజీ పిల్లలందరి చేతుల్లో ఫోన్లున్నాయి. బటన్ నొక్కడం వాళ్లకు ఎవరూ నేర్పనక్కర లేదు. ఎక్కడ నిలబడాలి, ఎవరిని అడిగి తీయాలి, కింద ఏం రాయాలి అన్నవే నేర్పాలె. బోనమెత్తిన తల్లి ఫొటో కింద ‘తెలంగాణ సంస్కృతి’ అని రాసి ఊరుకుంటే ఆమె పేరు, ఊరు, వాడ మాయమైనట్టే. బీడీలు చుట్టే తల్లిని బయటోళ్లు తీస్తే మొహంలో దైన్యం వెతుకుతారు. అదే బిడ్డ తీస్తే ఆకు, కత్తెర, దారం కనిపిస్తాయి. కార్ఖానాలో లెక్క చూసేటప్పుడు బాగా లేవని పక్కకు తీసేసిన బీడీలూ కనిపిస్తాయి. కూలి పోయేది అక్కడే.

అట్లని కెమెరా చేతికిస్తే పని అయిపోదు. కోల్‌కతా సోనాగాచిలో సెక్స్‌వర్కర్ల పిల్లలకు జానా బ్రిస్కీ అనే ఫొటోగ్రాఫర్ కెమెరాలిచ్చి నేర్పింది. పిల్లలు అద్భుతంగా తీశారు. ఆ కథతో వచ్చిన ‘బార్న్ ఇంటు బ్రోతల్స్’ డాక్యుమెంటరీకి 2005లో ఆస్కార్ కూడా వచ్చింది. కానీ తమను చెడ్డ తల్లులుగా చూపారని, తమ పోరాటాన్ని పక్కన పెట్టారని సెక్స్‌వర్కర్ల సంఘం నిలదీసింది. ఫొటోలు పిల్లలవే. వాటిని ఏరి, కూర్చి, కథ చెప్పింది మాత్రం బయటోళ్లు. నేర్పేవాళ్లు ఈ సంగతి మరిచిపోవద్దు.

2022లో కన్నుమూసిన భరత్‌భూషణ్ కెమెరా పట్టుకుని తెలంగాణ పల్లెలు తిరిగారు. ఒక్క మనిషి ఎన్ని ఊర్లని తిరుగుతాడు? అదే ఏడాది మల్లన్నసాగర్‌ను ప్రారంభించారు. వేములఘాట్, ఏటిగడ్డ కిష్టాపూర్ లాంటి ఊర్లు దాని కింద పోయినయి. ఆ ఊర్ల పెండ్లిళ్లు, బతుకమ్మలు, కల్లాలు ఎవరెవరి పాత ఫోన్లలోనో ఉండే ఉంటాయి. ఫోన్ పాడైతే అవీ పోతాయి.

డిగ్రీ కాలేజీల్లో, గురుకులాల్లో ఉన్న మన లెక్చరర్లు, టీచర్లు దీనికి సర్కారు జీవో కోసం ఎదురుచూడొద్దు. పదిమంది పిల్లలను, ఒక నోటుబుక్కును తీసుకుని గజ్వేల్ పునరావాస కాలనీకి ఒక ఆదివారం పోండి. ఏ గల్లీలో ఎవరి ఇల్లు ఉండేదో చెప్పగల పెద్దలు ఇంకా ఉన్నారు. ముందు వాళ్ల పక్కన కూర్చోండి. ఫొటో తర్వాత.