పెన్‌డ్రైవ్‌లో పట్టే ప్రయోగశాల



2017 జూలైలో తలకి నెలకు 100 రియాళ్లతో మొదలైన డిపెండెంట్ ఫీజు 2020 నాటికి 400 అయింది. మనలో చాలామంది లాగే నేనూ కుటుంబాన్ని జగిత్యాలకి పంపేసి రియాద్‌లో ఒంటరిగా మిగిలాను. ఇక పిల్లాడితో మాటలన్నీ వీడియో కాల్‌లోనే. "బాగా చదువుతున్నావా?" అంటే "ఆఁ" అనేవాడు. అంతే సంగతి.

ఫెట్ సిమ్యులేషన్లతో అది మారింది. అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో నోబెల్ గ్రహీత కార్ల్ వీమన్ 2002లో మొదలుపెట్టిన ఉచిత సైన్సు ప్రయోగాలివి. తెర మీద వైర్లు, బ్యాటరీ, బల్బు లాగి కలిపితే విద్యుత్ వలయం తయారవుతుంది. బ్యాటరీ రెండు కొసల్నీ నేరుగా వైరుతో కలిపితే మంటలు లేస్తాయి. మావాడు మొదటి వారమంతా మంటలే పెట్టాడు. పెట్టనిచ్చాను. తర్వాత తనే అడిగాడు, "మధ్యలో బల్బుంటే ఎందుకు కాలట్లేదు నాన్నా?" అని. అప్పుడు నిజం టార్చి బల్బు, సెల్లు కొనిపించాను. తెర మీదే ఆగిపోతే అది ఇంకో వీడియో గేమే కదా!

అయితే మా అన్నయ్య కూతురు అడిగిన ప్రశ్న నన్ను నిలదీసింది. సర్కారు బడిలో పదో తరగతి, తెలుగు మీడియం. "బాబాయ్, ఈ రెసిస్టెన్స్ అంటే మా పుస్తకంలో నిరోధమేనా?" అంది. చదివిన పాఠమే కళ్లెదుట ఆడుతున్నా పోల్చుకోలేకపోయింది.

ఫెట్‌కు నిధులిచ్చిన సంస్థల్లో మన రియాద్‌లోని కింగ్ సౌద్ యూనివర్సిటీ కూడా ఉంది. అరబ్ పిల్లలు ఆ ప్రయోగాల్ని అరబీలో చేసుకోవచ్చు. తెలుగులో కొన్ని వచ్చాయి, అన్నీ రాలేదు. అనువదించేది వాలంటీర్లే. మరి రియాద్‌లో ఇంతమంది తెలుగు ఇంజనీర్లం ఏం చేశాం? కిందటి సెలవులో ఒక బడికి వెళ్లాను. మనం చందాలేసి ఇచ్చిన కంప్యూటర్లు దుప్పటి కప్పుకుని ఉన్నాయి. నెట్ లేదన్నారు. గోడ మీద మన ఫొటోలు మాత్రం భద్రంగా ఉన్నాయి. (అందులో నేనూ ఉన్నాను.) ఈ ప్రయోగాల్ని దించుకుని పెన్‌డ్రైవ్‌లో పెడితే నెట్ లేకుండానే నడుస్తాయని అక్కడి సైన్సు టీచరుకి మనలో ఒక్కరూ చెప్పలేదు.

ఏ పాఠానికి ఏ ప్రయోగమో పట్టిక చేసి టీచర్ల శిక్షణలో ఇవ్వమని రెండు రాష్ట్రాల ఎస్సీఈఆర్టీలకూ ఫోరం తరఫున వినతిపత్రం పంపుదాం. జవాబు వచ్చేదాకా ఊరికే కూర్చోనక్కర్లేదు. పదో తరగతి భౌతికశాస్త్రం పుస్తకం తెప్పించాను, మాటలు అందులోవే వాడదాం. వచ్చే శుక్రవారం జుమ్మా తర్వాత ల్యాప్‌టాప్‌తో మా గదికి రండి. బిర్యానీ నాది.