మట్టంటని యానిమేషన్

"కంప్యూటరుండగా మట్టి పిసకడమెందుకండీ?" అమెరికాలో మన సాఫ్టువేరు జనం నలుగురు కూడిన చోట యానిమేషన్ మాటొస్తే ఈ ప్రశ్న రాక మానదు. తెలివైన ప్రశ్నలాగే ఉంటుంది గానీ, నన్నడిగితే శుద్ధ తప్పు.

కాగితం మీద బొమ్మ అబద్ధమాడగలదు. మిక్కీ మౌస్ చెవులు చూడండి. మొహం ఎటు తిప్పినా రెండూ గుండ్రంగానే కనిపిస్తాయి. అలాంటి తల లోకంలో ఉండదు! గీతలో చెల్లే ఈ మోసం మట్టి దగ్గర చెల్లదు. పక్కనుంచి ముక్కెలా ఉంటుందో, వెనకనుంచి మెడ ఎక్కడ కలుస్తుందో చెప్పి తీరాలి. అందుకే వాల్ట్ డిస్నీ 1930ల చివర్లో జో గ్రాంట్ ఆధ్వర్యంలో పాత్రల నమూనాలకని ఓ విభాగమే పెట్టాడు. పినోకియో (1940) పాత్రలకి అక్కడ చిన్న చిన్న బొమ్మలు చేసి యానిమేటర్లకి ఇచ్చారు. వీటినే మకెట్లు అంటారు. ఎంతోమంది గీసే పాత్ర అందరి చేతుల్లోనూ ఒకేలా రావాలి కదా! మన భాషలో చెప్పాలంటే డిజైన్ రివ్యూ అన్నమాట. తప్పు మట్టిలో దొరికితే బొటనవేలితో నొక్కేస్తే పోతుంది. సగం సినిమా అయ్యాక దొరికితే నిర్మాత నెత్తిన కూర్చుంటుంది.

"అదంతా పాతకాలం" అంటారా? జురాసిక్ పార్క్ (1993) డైనోసార్లని కంప్యూటర్లో చెయ్యాలని తేల్చాక కూడా, బొమ్మల్ని చేత్తో కదిలించే ఫిల్ టిపెట్ బృందాన్ని ఇంటికి పంపలేదు. కీళ్ళలో సెన్సర్లున్న చిన్న డైనోసార్ అస్థిపంజరం తయారైంది. వాళ్ళు దాన్ని వంచితే కంప్యూటర్లో జంతువు వంగింది. ఇవాళ జీబ్రష్‌లో చెక్కినా, త్రీడీ ప్రింటర్లో తీసినా, రూపాన్ని పట్టే కన్ను శిల్పిదే.

ఇక మన సంగతి. లాస్ ఏంజెలెస్‌లోని రిథమ్ అండ్ హ్యూస్ కంపెనీకి హైదరాబాదులోనూ స్టూడియో ఉండేది. లైఫ్ ఆఫ్ పై (2012) 60 కోట్ల డాలర్లు దాటి వసూలు చేసింది. అందులో పులిని బతికించిన ఈ కంపెనీ మాత్రం 2013 ఫిబ్రవరిలో, ఆస్కార్ అందుకోవడానికి పదకొండు రోజుల ముందు, దివాలా పిటిషన్ వేసింది. లాభం సినిమా ఎవరిదో వాళ్ళకి, మిగతావాళ్ళకి కూలి!

కూలి చాలనుకుంటే సాఫ్టువేర్ నేర్చుకుంటే సరిపోతుంది. సొంత పాత్రలు కావాలంటే మాత్రం రూపం పుట్టించడం రావాలి. ఆ విద్య మనకి కొత్తా? కొండపల్లిలో తెల్లపొణికి చెక్కతో చేసిన కల్లుగీసేవాణ్ణి చూడండి, పేరు చెప్పకుండానే వాడెవడో తెలిసిపోతుంది. అలాంటి పనివాళ్ళని క్లాసులోకి పిలవకుండా మౌసొక్కటే చేతికిచ్చే కోర్సులు కూలీలని తయారుచేస్తాయి, అంతే.

ఫీజు కట్టేముందు పిల్లలు ఒక్కటడగాలి: "మా చేతికి మట్టెప్పుడిస్తారు?"