దేవుడు పెరిగిన ఊరు మాదే!

దేవుడి ఊరు మాదంటే మాదని నలుగురూ పోటీపడటం మనకి కొత్తేం కాదు. హనుమంతుడు పుట్టింది తిరుమల కొండల్లోనా, హంపీ దగ్గరా అన్న వాదన మొన్నమొన్నటిదే కదా. గ్రీకులకీ అలాంటి పేచీ ఒకటుంది. ఆ ఊరి పేరు నైసా. అక్కడ పెరిగినవాడు డయోనిసస్, ద్రాక్షసారాకి అధిదేవుడు.

ముందు ఆ పిల్లాణ్ణి ఎక్కడికో పంపాల్సిన అవసరం ఎందుకొచ్చిందో చెప్పాలి. తీబ్స్ రాజు కూతురు సెమిలీ మీద దేవతల రాజు జ్యూస్ మనసుపడ్డాడు. ఆయన భార్య హేరా ఊరుకుంటుందా? ముసలి దాది వేషంలో వచ్చి, నీ దగ్గరికొచ్చేవాడు నిజంగా దేవుడే అయితే అసలు రూపంలో కనబడమను చూద్దాం అని ఎక్కించింది. అడిగిందల్లా ఇస్తానని మాటిచ్చేసిన జ్యూస్, పిడుగులతో సహా ప్రత్యక్షమయ్యాడు. సెమిలీ కాలి బూడిదైంది. కడుపులో బిడ్డని మాత్రం ఆయన తీసి తన తొడలో పెట్టి కుట్టేసుకున్నాడు, నెలలు నిండాక బయటికి తీశాడు. (మన భారతంలో ఔర్వుడు కూడా తొడలోంచి పుట్టినవాడే. ఊరువు నుంచి వచ్చాడు కాబట్టి ఔర్వుడు.)

హేరా కంట పడకుండా ఆ పసివాణ్ణి నైసా కొండకి చేర్చారు. అక్కడి వనకన్యలు పెంచారు. ఆ పుణ్యానికి జ్యూస్ వాళ్లని నక్షత్రాలు చేశాడట. మన రోహిణి చుట్టూ కనిపించే చుక్కల గుంపు వాళ్లేనంటారు.

మరి ఆ కొండ ఎక్కడ? ఒక పాత స్తోత్రం ఈజిప్టు నదీజలాలకి దగ్గర్లో అంటుంది. హెరొడోటస్ ఇథియోపియా అన్నాడు. డయోడోరస్ ఒకచోట అరేబియా వైపు చూపించి, ఇంకోచోట లిబియా కథ చెప్పాడు. ఇవాళ్టి టర్కీలోనూ ఆ పేరుతో ఒక పట్నం ఉండేది, భూగోళ శాస్త్రవేత్త స్ట్రాబో చదువుకున్నది అక్కడే. నన్నడిగితే ఈ గందరగోళమే సబబు. దాచిపెట్టిన బిడ్డ చిరునామా అందరికీ తెలిస్తే ఇంక దాచడమేంటి?

అసలు కథ మన వైపుంది. క్రీ.పూ. 326 ప్రాంతంలో అలెగ్జాండర్ సేనలతో కాబూల్ నదికీ సింధు నదికీ మధ్య ఉన్న కొండసీమలోకి వచ్చాడు. దారిలో లొంగని ఊళ్లని నేలమట్టం చేసుకుంటూ వచ్చాడు. అక్కడొక ఊరివాళ్లు అకూఫిస్ అనే పెద్దమనిషిని, వెంట ముప్పైమందిని రాయబారం పంపారు. వాళ్లెళ్లేసరికి ఆయన ప్రయాణపు దుమ్ముతోనే, శిరస్త్రాణం కూడా తియ్యకుండా, చేతిలో ఈటెతో గుడారంలో కూర్చుని ఉన్నాడు. చూడగానే వీళ్లకి నోట మాట రాలేదు, నేలమీద పడిపోయారు.

తేరుకున్నాక అకూఫిస్ చెప్పిన సంగతి ఇది. మా ఊరు నైసా. మీ డయోనిసస్ ఇండియాని జయించి తిరిగెళుతూ కట్టించి, తనని పెంచిన దాది పేరు పెట్టాడు. పక్క కొండ మేరోస్, అంటే మీ భాషలో తొడ. రుజువు కావాలంటే, ఈ దేశంలో ఇంకెక్కడా దొరకని ఐవీ తీగ మా దగ్గర పెరుగుతుంది. ఆ దేవుడి మొహం చూసైనా మమ్మల్ని స్వతంత్రంగా బతకనివ్వు.

అది మన మేరు పర్వతం పేరేననీ, గ్రీకు చెవికి అలా వినబడిందనీ అనేవాళ్లున్నారు. అలెగ్జాండర్‌ని మెప్పించడానికి అల్లిన కథలివన్నీ అని అలెగ్జాండ్రియా గ్రంథాలయాన్ని నడిపిన ఎరటోస్తనీస్ ఆ రోజుల్లోనే కొట్టిపారేశాడు. కానీ అలెగ్జాండర్‌కి ఇది నిజం కావాలి. దేవుడు వచ్చినంత దూరం తానూ వచ్చానంటే, అలసిపోయిన సైన్యం ఇంకాస్త ముందుకి నడుస్తుందని ఆశ. ఊరిని వదిలేశాడు.

ఊరికే వదల్లేదు లెండి. 300 మంది రౌతుల్ని అడిగాడు. ఆ ఊరిని పాలించే 300 మంది పెద్దల్లోంచి ఉత్తములైన 100 మందినీ పంపమన్నాడు. అకూఫిస్ నవ్వాడట. ఇందాక నేలమీద పడి వణికిన మనిషే! వందమంది మంచివాళ్లు పోతే ఊరిని ఎవరు నడుపుతారు, కావాలంటే చెడ్డవాళ్లని రెండొందల మందిని తీసుకో, నువ్వు తిరిగొచ్చేసరికి ఊరు ఇలాగే ఉంటుంది అన్నాడు. ఈ సంగతి రాసింది అరియన్, ఆ తర్వాత నాలుగు వందల ఏళ్లకి పైనే. ఎవరు రాసినా, ఈ జవాబు కోసమే నేను ఆ పుస్తకం మళ్లీ మళ్లీ తీస్తుంటాను.

అలెగ్జాండర్‌కి ఆ మాట నచ్చింది. వందమంది ఊసు మళ్లీ ఎత్తలేదు. సైనికులు కొండెక్కి, ఎన్నాళ్లకో కనిపించిన సొంతూరి తీగని దండలల్లి తలకి చుట్టుకుని పాటలు పాడారు. అకూఫిస్ మాత్రం రౌతులతో పాటు తన కొడుకునీ, కూతురి కొడుకునీ ఆ సైన్యం వెంట సాగనంపాల్సి వచ్చింది.