చదువు పరీక్ష పెట్టినవాడి చదువు
కార్టూన్ అంటే నవ్వించి వదిలేసేదే అనుకునేవాళ్లు థామస్ నాస్ట్ బొమ్మలు చూడాలి. అమెరికా అంతర్యుద్ధం ముగిసిన 1865లోనే ఆయన ‘హార్పర్స్ వీక్లీ’లో, కాలు పోగొట్టుకుని చంకకర్ర మీద నిలబడ్డ నల్ల సైనికుణ్ణి గీసి, ఇతనికి ఓటు ఇవ్వరా అని నిలదీశాడు. 1879 నాటిది ఇంకా ఘాటు: ఓటేయాలంటే నల్లవాడు ముందు చదువుకోవాలని గోడ మీద రాస్తుంటాడు దక్షిణాది తెల్లదొర. ఆ రాతలో సగం అక్షర దోషాలే! తర్వాత దక్షిణాది రాష్ట్రాలు నిజంగానే ఆ పని చేశాయి. చదువు పరీక్ష, ఓటు పన్ను, తాతకు ఓటుంటే మనవడికి పరీక్ష మాఫీ... చట్టంలో ఎక్కడా రంగు మాటెత్తలేదు. రంగు చూసి ఓటు కాదనకూడదన్న 1870 నాటి 15వ రాజ్యాంగ సవరణ అడ్డం కదా మరి. లూసియానాలో 1896లో 1,30,334 మంది నల్ల ఓటర్లుంటే, 1904 నాటికి మిగిలింది 1,342. ఈ పరీక్షల ఆట కట్టించడానికి 1965 ఓటు హక్కు చట్టం రావాల్సి వచ్చింది. అందులోని కీలక నిబంధనను 2013లో సుప్రీంకోర్టు కొట్టేసింది. అలాగని, ఈ మోసాన్ని ముందే ఎత్తిచూపాడని నాస్ట్‌ను నెత్తికెత్తుకోలేం. 1876లో ఇదే పత్రికలో నల్లవాణ్ణీ ఐరిష్‌వాణ్ణీ త్రాసులో కూర్చోబెట్టి, ఇద్దరివీ అజ్ఞానుల ఓట్లేనని సరితూచింది కూడా ఆయనే. సైనికుడి బొమ్మను మెచ్చుకుంటూ అచ్చేసే సంపాదకులు, పక్కనే ఆ త్రాసు బొమ్మ కూడా వేయాలి.