జేసీబీ ఆగిపోయిందా? తప్పు రిలేదో కాదో తేల్చేదెలా? జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల యువతకు ఈ పని ఎందుకు ముఖ్యం?

వానాకాలం. పట్టణంలో మురుగు కాలువ పొంగుతోంది. పూడిక తీయాల్సిన జేసీబీ అక్కడికి వచ్చింది కానీ స్టార్ట్ కావడం లేదు. తాళం తిప్పితే 'టక్' మని చిన్న చప్పుడు, అంతే. డ్రైవర్ బ్యాటరీ పోయిందంటాడు. పక్కనున్నాయన సెల్ఫ్ కాలిపోయిందంటాడు. ఇంకొకరు వైరు ముక్క తెచ్చి నేరుగా కలిపేద్దాం అంటారు.

చాలాసార్లు అసలు లోపం అగ్గిపెట్టె కన్నా చిన్నదైన ఓ డబ్బాలో ఉంటుంది. దాని పేరు రిలే. ఖరీదు కొన్ని వందల రూపాయలే. కానీ దాన్ని సరిగ్గా పరీక్షించేవాళ్లు దగ్గర్లో లేకపోతే పెద్ద యంత్రం రోజంతా కదలదు.

2021 సెప్టెంబరులో సిరిసిల్ల పట్టణం వరద నీటిలో చిక్కుకున్నది చాలామందికి గుర్తుండే ఉంటుంది. అలాంటి రోజుల్లో యంత్రం ఉండటం ఒక్కటే సరిపోదు, పిలిస్తే కదిలేలా ఉండాలి. కాలువల పూడిక, పైపులైన్ లీకేజీ, రోడ్డు మీద పడిన చెట్టు.. ఏ పనైనా ఇప్పుడు యంత్రం మీదే ఆధారపడి ఉంది.

ఇంతకీ రిలే అంటే ఏమిటి? దాన్ని ఎలా పరీక్షించాలి? ఈ పని ఎక్కడ నేర్చుకోవచ్చు? గల్ఫ్‌కు వెళ్లే యువతకు ఇది ఎలా ఉపయోగపడుతుంది?

రిలే అంటే ఏమిటి?

తక్కువ కరెంటుతో ఎక్కువ కరెంటును ఆన్, ఆఫ్ చేసే స్విచ్చే రిలే. 1830ల్లో అమెరికా శాస్త్రవేత్త జోసెఫ్ హెన్రీ ప్రయోగాలతో ఈ ఆలోచన రూపుదిద్దుకుంది. టెలిగ్రాఫ్ రోజుల్లో బాగా వాడుకలోకి వచ్చింది. అప్పటి సూత్రమే నేటి యంత్రాల్లోనూ పనిచేస్తోంది.

డబ్బా లోపల సన్నటి రాగి తీగ చుట్ట ఉంటుంది. దాన్నే కాయిల్ అంటారు. దానికి కరెంటు అందగానే అయస్కాంతంలా మారి ఓ చిన్న రేకును లాగుతుంది. ఆ రేకు రెండు కాంటాక్టులను కలుపుతుంది. దాంతో హెడ్‌లైట్లకో, హారన్‌కో, సెల్ఫ్ మోటారుకు ఆదేశమిచ్చే సర్క్యూట్‌కో కరెంటు వెళ్తుంది.

రిలే కాళ్ల దగ్గర 30, 85, 86, 87 అనే అంకెలు కనిపిస్తాయి. 85, 86 కాయిల్‌వి. 30కి బ్యాటరీ నుంచి కరెంటు వస్తుంది. 87 నుంచి పనిచేయాల్సిన పరికరానికి వెళ్తుంది. ఐదు కాళ్ల రిలేలో 87ఏ కూడా ఉంటుంది. రిలే పనిచేయనప్పుడు 30తో కలిసి ఉండేది అదే. ఈ అంకెలు జర్మన్ ప్రమాణం నుంచి వచ్చాయి. ఏ దేశంలో తయారైన యంత్రంలోనైనా దాదాపు ఇవే కనిపిస్తాయి. అంటే కోరుట్లలో నేర్చుకున్నది కువైట్‌లోనూ పనికొస్తుంది.

సబ్‌స్టేషన్‌లో ఉండే రిలే కూడా ఇదేనా?

పేరు ఒకటే, పని వేరు. సిరిసిల్ల ప్రాంతానికి 1970 నుంచి సహకార విద్యుత్ సరఫరా సంఘం 'సెస్' కరెంటు ఇస్తోంది. జగిత్యాల, కోరుట్లలకు ఉత్తర తెలంగాణ విద్యుత్ పంపిణీ సంస్థ సరఫరా చేస్తోంది. వీటి సబ్‌స్టేషన్లలో ఉండేవి ప్రొటెక్షన్ రిలేలు. లైన్‌లో లోపం వస్తే గుర్తించి బ్రేకర్‌ను పడగొట్టడం వాటి పని. వాటిని ప్రత్యేక టెస్ట్ కిట్లతో శిక్షణ పొందిన సిబ్బంది మాత్రమే పరీక్షించాలి. ఇక్కడ మనం మాట్లాడుకుంటున్నది 12 లేదా 24 వోల్టుల బ్యాటరీతో నడిచే యంత్రాల రిలేల గురించి.

భారీ యంత్రాల్లో రిలేలు ఎందుకు చెడిపోతాయి?

దుమ్ము, నీళ్లు, అదురు. కారులో రిలే బానెట్ కింద భద్రంగా ఉంటుంది. జేసీబీ, ప్రొక్లెయిన్ రోజంతా రాళ్లలో, బురదలో అదురుతూ పనిచేస్తాయి. అదురుకు సాకెట్‌లో పట్టు వదులవుతుంది. తేమకు కాళ్లు చిలుము పడతాయి. ఆన్ అయిన ప్రతిసారీ కాంటాక్టుల మధ్య చిన్న నిప్పురవ్వ పుడుతుంది. కొన్నాళ్లకు అక్కడ గుంతలు పడి నల్లబడుతుంది. కొన్నిసార్లు కాంటాక్టులు అతుక్కుపోతాయి. అప్పుడు ఆఫ్ చేసినా కరెంటు ఆగదు.

మనుషులు చేసే తప్పులూ ఉన్నాయి. బ్యాక్‌హో లోడర్లలో సాధారణంగా 12 వోల్టులు, పెద్ద ఎక్స్‌కవేటర్లలో 24 వోల్టుల వ్యవస్థ ఉంటుంది. 24 వోల్టుల బండిలో 12 వోల్టుల రిలే పెడితే కాయిల్ కాలిపోతుంది. అటుదిటైతే రిలే లాగనే లాగదు. డబ్బా మీద రాసి ఉన్నది చదవకపోవడమే దీనికి కారణం.

పరీక్షించడం ఎలా?

ముందు భద్రత. బకెట్‌ను నేలకు దించాలి. గేరు న్యూట్రల్‌లో పెట్టి పార్కింగ్ బ్రేకు వేయాలి. చక్రాలకు అడ్డు పెట్టాలి. రిలే పీకే ముందు తాళం తీసి జేబులో వేసుకోవాలి. మీరు కింద ఉండగా ఇంకొకరు తాళం తిప్పే అవకాశం ఉండకూడదు.

తర్వాత బ్యాటరీ, ఫ్యూజు చూడాలి. మంచి బ్యాటరీ విశ్రాంతిగా ఉన్నప్పుడు సుమారు 12.6 వోల్టులు చూపాలి. రెండు బ్యాటరీల బండిలో 25 దాటాలి. అక్కడే తక్కువ ఉంటే రిలేను అనుమానించి లాభం లేదు.

1. సాకెట్ పరీక్ష: రిలే తీసేసి మల్టీమీటర్‌తో సాకెట్ చూడాలి. 30 దగ్గర బ్యాటరీ వోల్టేజీ ఉండాలి. కొన్ని బండ్లలో అది తాళం వేశాకే వస్తుంది. స్విచ్ వేసినప్పుడు 85, 86ల్లో ఒకదానికి కరెంటు, రెండోదానికి ఎర్త్ అందాలి. ఎర్త్ వైరు తుప్పు పట్టి ఉంటే ఎన్ని కొత్త రిలేలు పెట్టినా ఫలితం ఉండదు. చాలామంది డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే.

2. కాయిల్ పరీక్ష: మీటరును ఓమ్‌లకు తిప్పి 85, 86 మధ్య కొలవాలి. 12 వోల్టుల రిలే అయితే సాధారణంగా 60 నుంచి 120 ఓమ్‌ల మధ్య, 24 వోల్టులదైతే 200 నుంచి 400 మధ్య చూపుతుంది. అసలేమీ చూపకపోతే తీగ తెగింది. సున్నా దగ్గర ఉంటే లోపల షార్ట్ అయింది.

3. విశ్రాంతిలో కాంటాక్టులు: 30, 87 మధ్య బీప్ రాకూడదు. వస్తే కాంటాక్టులు అతుక్కున్నట్టే. ఐదు కాళ్ల రిలేలో 30, 87ఏ మధ్య బీప్ రావాలి.

4. కరెంటు ఇచ్చి చూడటం: ఫ్యూజు ఉన్న వైరుతో 85, 86లకు సరైన వోల్టేజీ ఇవ్వాలి. 'టక్' మనాలి. ఇప్పుడు 30, 87 మధ్య బీప్ రావాలి. ఒక జాగ్రత్త: కొన్ని రిలేల్లో డయోడ్ ఉంటుంది. ప్లస్, మైనస్ తారుమారైతే అది కాలిపోతుంది. డబ్బా మీద గీసిన బొమ్మ చూశాకే వైరు పెట్టాలి.

5. లోడ్ పరీక్ష: అసలు నిజం తేలేది ఇక్కడే. మీటరు బీప్ కొట్టడానికి అతి తక్కువ కరెంటు చాలు. కాలిన కాంటాక్టు కూడా బీప్ ఇస్తుంది. కానీ దాని గుండా హెడ్‌లైట్ బల్బు వెలగాలంటే లెక్క మారుతుంది. 55 వాట్ల బల్బు 12 వోల్టుల మీద దాదాపు నాలుగున్నర ఆంపియర్లు లాగుతుంది. కాంటాక్టు దగ్గర 0.2 ఓమ్ నిరోధం ఉన్నా సుమారు ఒక వోల్టు అక్కడే పోతుంది. అందుకే బల్బు వెలుగుతుండగా 30, 87 మధ్య వోల్టేజీ కొలవాలి. 0.2, 0.3 వోల్టులు దాటితే ఆ రిలేను మార్చాల్సిందే.

'టక్' మంటే రిలే మంచిదే కదా?

కాదు. ఆ చప్పుడు కాయిల్ పనిచేస్తోందని మాత్రమే చెబుతుంది. కాంటాక్టుల సంగతి చెప్పదు. అలాగే హారన్ రిలే తీసి సెల్ఫ్ రిలే స్థానంలో పెట్టి చూడటం మన దగ్గర వాడుకలో ఉన్న చిట్కా. రెండింటి వోల్టేజీ, ఆంపియర్లు, కాళ్ల అమరిక ఒకటే అయితే అది మంచి పద్ధతే. కాకపోతే కొత్త సమస్య కొని తెచ్చుకున్నట్టే.

వైరు ముక్కతో నేరుగా కలిపేస్తే ఏమవుతుంది?

బండి స్టార్ట్ కావచ్చు. ప్రమాదం కూడా అక్కడే మొదలవుతుంది. గేరు న్యూట్రల్‌లో లేకపోతే ఇంజిన్ స్టార్ట్ కాకుండా ఆపే ఏర్పాటు చాలా యంత్రాల్లో ఈ సర్క్యూట్‌లోనే ఉంటుంది. వైరు కలిపితే ఆ కాపలా పోతుంది. స్టార్ట్ అయిన క్షణమే బండి ముందుకు దూకవచ్చు. టైరు పక్కన నిలబడి వైరు పట్టుకున్న మనిషికి తప్పుకునే సమయం ఉండదు. పైగా ఫ్యూజు లేని వైరు వేడెక్కితే డీజిల్, హైడ్రాలిక్ ఆయిల్ పైపుల పక్కనే నిప్పు పుడుతుంది.

'ఈ ఒక్క రోజుకే' అని కలిపిన వైరు నెలల తరబడి అలాగే ఉండిపోవడం ఇంకో సమస్య. కొత్తగా వచ్చిన డ్రైవర్‌కు ఆ సంగతి తెలియదు.

కొత్త యంత్రాల్లో ఏం మారింది?

నిర్మాణ యంత్రాలకు ప్రత్యేక కాలుష్య ప్రమాణాలున్నాయి. నాలుగో దశ 2021 ఏప్రిల్ నుంచి, ఐదో దశ 2025 జనవరి నుంచి అమల్లోకి వచ్చాయి. వీటితో ఇంజిన్‌ను నియంత్రించే ఎలక్ట్రానిక్ పెట్టెలు, సెన్సర్లు పెరిగాయి. పాత మెకానిక్‌లు వాడే బల్బు టెస్టర్‌ను ఆ పెట్టె నుంచి వచ్చే సన్నటి వైర్లకు తగిలిస్తే, బల్బు లాగే కరెంటుకు పెట్టే దెబ్బతినవచ్చు. అక్కడ మల్టీమీటరే వాడాలి. వెల్డింగ్ చేసేటప్పుడు బ్యాటరీ వైర్లు తీయకపోయినా అదే నష్టం. వందల రూపాయల రిలేతో తేలాల్సిన పని వేలు, లక్షల్లోకి వెళ్తుంది.

గల్ఫ్‌కు, దీనికి సంబంధం ఏమిటి?

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల్లో గల్ఫ్‌లో ఎవరూ లేని ఊరు అరుదు. వెళ్లేవారిలో చాలామంది హెల్పర్లుగా, కూలీలుగానే వెళ్తున్నారు. చేతిలో పని ఉన్నవాడికీ, లేనివాడికీ జీతంలోనూ, గౌరవంలోనూ తేడా ఉంటుంది.

సౌదీ అరేబియా కొన్ని వృత్తులకు వీసా ఇచ్చేముందే మన దేశంలోనే నైపుణ్య పరీక్ష పాసవ్వాలన్న నిబంధన తెచ్చింది. తొలుత చేర్చిన వృత్తుల్లో ఎలక్ట్రీషియన్, ప్లంబర్, వెల్డర్‌లతో పాటు వాహనాల ఎలక్ట్రీషియన్ కూడా ఉంది. వాహన ఎలక్ట్రీషియన్ పనిలో రిలే, ఫ్యూజు, ఎర్త్ పరీక్షలు ఓనమాల్లాంటివి. ఇక్కడ మీటరు పట్టడం రానివారు అక్కడ ఆ పేరుతో పని సంపాదించడం కష్టం.

ఎక్కడ నేర్చుకోవచ్చు?

ఐటీఐల్లో మెకానిక్ డీజిల్ ఏడాది కోర్సు. మెకానిక్ మోటార్ వెహికిల్, ఎలక్ట్రీషియన్ రెండేళ్లవి. వీటికి పదో తరగతి పాసై ఉండాలి. రాష్ట్రంలో 65 ఐటీఐలను టాటా టెక్నాలజీస్ భాగస్వామ్యంతో అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే కార్యక్రమం 2024లో మొదలైంది. సిరిసిల్ల దగ్గర మండెపల్లిలో 2021 జులైలో ప్రారంభించిన డ్రైవింగ్ శిక్షణ కేంద్రం ఉంది. ఏ కోర్సులో చేరినా చేరేముందు ఒక ప్రశ్న అడగండి: "యంత్రం మీద స్వయంగా చేసే ప్రాక్టికల్స్ ఎన్ని గంటలు?" సర్టిఫికెట్ కన్నా ఆ గంటలే ముఖ్యం.

పదో తరగతికి ఇంకో ప్రయోజనం ఉంది. పది పాసైనవారికి ఎమిగ్రేషన్ క్లియరెన్స్ అవసరం లేని పాస్‌పోర్టు వస్తుంది. పాస్ కానివారు గల్ఫ్ సహా 18 దేశాలకు ఉద్యోగం కోసం వెళ్లాలంటే ఆ క్లియరెన్స్ తప్పనిసరి. ఏజెంటుకు లైసెన్స్ ఉందో లేదో కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూసుకోవచ్చు. లైసెన్స్ ఉన్న ఏజెంటు తీసుకోగల సేవా రుసుము గరిష్ఠంగా 30 వేల రూపాయలు, దానిపై జీఎస్టీ. రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ కూడా విదేశీ ఉద్యోగాలకు నియామకాలు చేస్తుంది.

మున్సిపాలిటీలు, యజమానులు ఏం చేయాలి?

పెద్ద ఖర్చేమీ లేదు. ప్రతి యంత్రంలో అదే రకం రిలేలు రెండు, ఫ్యూజుల సెట్టు, ఓ మామూలు మల్టీమీటర్ ఉంచాలి. వానాకాలానికి ముందు ఒకసారి సాకెట్లు శుభ్రం చేసి, ఎర్త్ పాయింట్లు బిగించాలి. ఏ రిలే ఎప్పుడు మార్చారో లాగ్‌బుక్‌లో రాయాలి. ఒకే రిలే నెలలో రెండుసార్లు పోయిందంటే లోపం రిలేలో లేదు, వైరింగ్‌లోనో, అది నడిపే మోటారులోనో ఉంది.

గంటకు వెయ్యి రూపాయల అద్దె అనుకుంటే, ఐదు గంటలు ఆగిన బండి ఐదు వేలు పోగొడుతుంది. ఆ డబ్బుతో రిలేలు, మీటరు రెండూ వస్తాయి. మున్సిపల్ యంత్రాల మరమ్మతులకు ఎంత ఖర్చయిందో, ఎన్ని రోజులు మూలన పడ్డాయో తెలుసుకోవాలనుకునే పౌరులు సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు. సాధారణంగా 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.

ఈసారి మీ వీధిలో జేసీబీ ఆగిపోయి, ఎవరైనా వైరు ముక్క కోసం వెతుకుతుంటే ఒక్క మాట అడగండి: "అన్నా, ముందు మీటరు పెట్టి చూశారా?"